ఇల్లు బేరానికి ఏ దారి మేలు: మధ్యవర్తా, నేరుగా యజమానా, బ్యాంకు వేలమా, కొత్త ఫ్లాటా?

“సాయంత్రం ఇంకో పార్టీ చూడ్డానికి వస్తున్నారండి. మధ్యాహ్నంలోగా మీరు మాట ఇచ్చేస్తే మీకోసం ఆపుతాను.”

అమలాపురంలో ఇల్లు వెతికిన ఏడు నెలల్లో ఈ మాట నలుగురు మధ్యవర్తుల నోట విన్నాను. మొదటిసారి విన్న రోజు నాకూ మా ఆవిడకీ అన్నం సయించలేదు. ఆ టెన్షన్‌లో మేం చెప్పిన రేటు మీద మేమే రెండు లక్షలు పెంచాం. మర్నాడు ఫోన్ చేసి, ఆ పార్టీ ఇంకో లక్ష పైన వేశారన్నాడు. ఇక మా వల్ల కాదని వదిలేశాం. నాలుగు నెలలు గడిచాక ఆ వీధిలోంచి వెళ్తూ చూస్తే గేటుకి అదే తాళం, అరుగు మీద అదే ఎండిన కొబ్బరాకుల మోపు. ఆ ఇంకో పార్టీ ఎవరో, అసలు ఉన్నారో లేదో నాకు ఇప్పటికీ తెలీదు.

హైదరాబాద్‌లో పదిహేనేళ్లు ఉండి, నాన్నగారి ఆరోగ్యం బాగోక వెనక్కి వచ్చేసిన కుటుంబం మాది. ఇల్లు కొనడం మాకు ఇదే మొదలు, బహుశా ఇదే ఆఖరు. కోనసీమలో, భీమవరం వైపు, రాజమండ్రి చుట్టుపక్కల ఇప్పుడు ఇల్లు వెతుకుతున్న వాళ్లకి మేం పడ్డ తిప్పలు తప్పాలని ఇది రాస్తున్నాను. మాకున్న దారులు నాలుగు: మధ్యవర్తిని పట్టుకోవడం, నేరుగా యజమానితో మాట్లాడుకోవడం, బ్యాంకు వేలంలో పాడుకోవడం, బిల్డర్ దగ్గర ఫ్లాటు తీసుకోవడం. నాలుగింటినీ నేను ఒకే ప్రశ్నతో కొలుస్తాను. ఈ ఇల్లు ఎంతకి ఇస్తారన్న మాట అమ్మే హక్కున్న మనిషి నోటి నుంచి నేరుగా వింటున్నామా, లేక మధ్యలో ఇంకొకరి నోటి నుంచి వింటున్నామా?

మధ్యవర్తితో

మన టౌన్లలో మధ్యవర్తికి బోర్డుండదు, ఆఫీసుండదు. ఎల్ఐసీ పాలసీలు కట్టించే ఆయన, దస్తావేజు లేఖరి దగ్గర పనిచేసే కుర్రాడు, కొబ్బరికాయల వ్యాపారం చేసి మానేసిన పెద్దాయన, వీళ్లే మధ్యవర్తులు. అందరూ ఒకే వాట్సాప్ గ్రూపుల్లో ఉంటారు. అందుకని ఒక్క ఇల్లు ముగ్గురు నలుగురి చేతులు మారి మన దగ్గరికి వస్తుంది. మాకు ఒకే ఇంటిని ముగ్గురు చూపించారు. ఒకాయన 58 లక్షలు అన్నారు, ఒకాయన 61 అన్నారు, మూడో ఆయన “యజమానులు 65 కి తగ్గరండి, మీకోసం 63 కి మాట్లాడతాను” అన్నారు. ఇల్లు అదే, తాళంచెవి కూడా పక్కింటి వాళ్ల దగ్గర ఉన్న ఆ ఒక్కటే.

ఎక్కువ రేటుకి అమ్మిస్తే ఎక్కువ కమీషన్ వస్తుంది కాబట్టి మధ్యవర్తి రేటు పెంచుతాడని చాలామంది అనుకుంటారు. లెక్క వేసి చూడండి. మాకు ఎక్కువగా వినిపించింది రెండు వైపులా చెరో ఒక శాతం. ఆ లెక్కన ధర రెండు లక్షలు పెరిగితే ఆయనకి మన వైపు నుంచి అదనంగా వచ్చేది రెండు వేలు. దానికోసం ఎవరూ అన్ని అబద్ధాలు ఆడరు. ఆయనకి కావలసింది బేరం తొందరగా తెగడం. ఇంకో వారం ఆగితే వేరే మధ్యవర్తి వేరే పార్టీని తెచ్చేస్తాడు, తన కమీషన్ మొత్తం పోతుంది. “ఇంకో పార్టీ” అన్న మాట అందుకే పుడుతుంది. మనల్ని ఆలోచించుకోనివ్వకుండా చేయడమే దాని పని.

ఇంకో రకం ఉంది, అదే ఎక్కువ నష్టం. యజమానికి ఒక రేటు చెప్పి, మనకి ఒక రేటు చెప్పి, మధ్యలోది తను ఉంచుకోవడం. ఈ పద్ధతిలో ఒక శాతం కాదు, ఒక్క బేరంలోనే మూడు నాలుగు లక్షలు మిగులుతాయి. ఇది చేయాలంటే యజమానిని, కొనేవాళ్లని రిజిస్ట్రేషన్ రోజు దాకా కలవనివ్వకూడదు. “యజమాని గారికి ఆరోగ్యం బాలేదండి”, “వాళ్లు నాతో తప్ప ఎవరితోనూ మాట్లాడరండి”, “ఇప్పుడే కలిస్తే రేటు పెంచేస్తారండి” అని రెండుసార్లు వినబడితే నేను అక్కడ ఆగిపోతాను.

మేం కొన్న ఇంటి విషయంలోనే ఇది జరిగింది. రిటైరైన ఒక టీచరమ్మగారి ఇల్లు. 60 కి తగ్గరని మధ్యవర్తి చెప్పాడు, మేం 56 ఇస్తామన్నాం. “చెప్పాను, ఒప్పుకోవట్లేదు” అని పది రోజులు తిప్పాడు. ఒకరోజు ఆయన లేకుండా వెళ్లకూడదు కాబట్టి ఆయన్నే బతిమాలి వెంటబెట్టుకుని వెళ్లాం. టీచరమ్మగారు అరుగు మీద పీట వేసుకుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నారు. మా ఆవిడకి కుర్చీ వేయించి, కాఫీ తెప్పించి, చేట పక్కన పెట్టి నా వైపు తిరిగి అడిగారు: “మీరు యాభై రెండు కంటే పైకి రానన్నారంట కదా బాబూ? యాభై రెండుకి ఎలా ఇమ్మంటారు చెప్పండి, పై గది వేసి ఆరేళ్లు కూడా కాలేదు.”

నేను మధ్యవర్తి వైపు చూశాను. ఆయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని గేటు దాటేశాడు. ఫోన్ మోగినట్టు మాకెవరికీ వినబడలేదు.

“మేం యాభై ఆరు అన్నాం పిన్నిగారూ” అంది మా ఆవిడ. టీచరమ్మగారు కాసేపు ఏమీ అనలేదు. తరవాత చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుని, “ఆయ్, అలాగా” అన్నారు. ఆవిడకి కావలసింది యాభై అయిదు. అరగంటలో యాభై నాలుగున్నరకి మాట అయిపోయింది. పది రోజుల తిప్పట అంతా ఆ అరగంటలో తేలిపోయింది.

ఇన్ని చెప్పాక కూడా మధ్యవర్తి అక్కర్లేదని నేను అనను. ఏ ఇంట్లో అన్నదమ్ములు పంచుకోబోతున్నారో, ఎవరి పిల్లలు అమెరికా నుంచి అమ్మేయమంటున్నారో వాళ్లకే ముందు తెలుస్తుంది. చాలా ఇళ్లు బోర్డు పెట్టకముందే అమ్ముడైపోతాయి. రెండు వైపులా పట్టుదల వచ్చి బేరం ఆగిపోయినప్పుడు “మీరో యాభై వేలు ఎక్కండి, మీరో యాభై వేలు దిగండి” అని సర్దగలిగేది కూడా మూడో మనిషే. ఊళ్లో లేని వాళ్లకి మధ్యవర్తి లేకుండా కుదరదు.

కాబట్టి వాళ్లతో పని ఎలా చేయించుకోవాలో చెప్తాను. ఇల్లు చూడకముందే అడగండి: ఈ ఇంటి సంగతి మీకు యజమాని చెప్పారా, ఇంకో మధ్యవర్తి చెప్పారా? కమీషన్ ఎంత, ఎప్పుడు ఇవ్వాలి? రేటు మాటకి యజమానిని కూర్చోబెడతారా? మూడో దానికి తిన్నగా జవాబు రాకపోతే ఆ ఇల్లు ఎంత బాగున్నా చూడ్డానికి వెళ్లకండి. చూశాక మనసు పడితే ఆగడం చాలా కష్టం.

మనం ఎంతదాకా వెళ్లగలమో ఇంట్లో కూర్చుని కాగితం మీద రాసుకోవాలి. ఆ అంకె మధ్యవర్తికి చెప్పకూడదు. “మీ బడ్జెట్ ఎంతండి?” అన్న ప్రశ్నకి మనం చెప్పిన సంఖ్యే ఆ క్షణం నుంచి ఇంటి రేటు అయిపోతుంది. ఆఫర్ నోటి మాటగా ఇవ్వకుండా వాట్సాప్‌లో రాసి పంపండి: ఇంత ధర, లోన్‌కి ఇన్ని రోజుల గడువు, ఈసీ (ఆ ఇంటి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (ఇల్లు చేతులు మారిన పాత దస్తావేజులు) సరిగ్గా ఉంటేనే, ఇల్లు ఖాళీ చేసి ఇవ్వాలి. ఈ మెసేజ్‌ని యజమానికి యథాతథంగా పంపమనండి. మేం మొదటే ఇది చేసి ఉంటే 56 అన్నది 52 అయ్యేది కాదు.

“ఇంకో పార్టీ” వచ్చినప్పుడు మేం తరవాత నేర్చుకున్న మాట ఇది: “సరేనండి, వాళ్లకే ఇచ్చేయండి. కుదరకపోతే మాకు ఫోన్ చేయండి.” ఆ మాట అని ఊరుకోవాలి, మళ్లీ మనం ఫోన్ చేయకూడదు. ఇలా మూడు ఇళ్ల దగ్గర అన్నాం. రెండింటికి వారం తిరక్కుండానే ఫోన్ వచ్చింది. ఒకటి నిజంగానే అమ్ముడైపోయింది. దానికి బాధపడ్డాం, కానీ మన లెక్క దాటి కొని ఇరవై ఏళ్లు ఈఎంఐ కట్టడం కంటే అదే నయం. సంక్రాంతి ముందు ఈ ఒత్తిడి మరీ ఎక్కువ. బయటి దేశాల నుంచి, హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు కొనేస్తారని భయపెడతారు. మేం ఆషాఢంలో, శూన్యమాసంలో మాట్లాడుకున్నప్పుడు యజమానులు నెమ్మదిగా, ఓపిగ్గా మాట్లాడారు. అగ్రిమెంటు మంచిరోజు చూసి తరవాత రాసుకోవచ్చు, మాటలకి ముహూర్తం అక్కర్లేదు.

టోకెన్ మధ్యవర్తి చేతిలో పెట్టకండి. పదివేల నూట పదహార్లయినా సరే, యజమాని బ్యాంకు ఖాతాకే పంపండి. కాగితాల్లో లోపముంటే వెనక్కి ఇస్తామని రాయించుకోండి. ఇంటి అడ్వాన్సుగా 20,000 లేదా అంతకు మించి నగదు తీసుకోవడం 2015 నుంచి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. తీసుకున్నవాళ్లకి అంత మొత్తమూ జరిమానా పడొచ్చు. నగదు ఇమ్మని ఒత్తిడి చేస్తే ఈ సంగతి మర్యాదగా చెప్పండి, యజమానులు వెంటనే వింటారు.

ఇంకో సంగతి తెలిసి ఉండాలి. రెరాలో (ఇళ్ల ప్రాజెక్టులని, బిల్డర్లని నియంత్రించే సంస్థలో) నమోదైన ప్రాజెక్టుల్లో ఫ్లాట్లు, ప్లాట్లు అమ్మించే ఏజెంటు తనూ రెరాలో నమోదు చేసుకోవాలి. పాత ఇల్లు చేతులు మార్పించే మధ్యవర్తికి ఆ నిబంధన తగలదు. మన చేతిలో ఉండే పట్టు ఒక్కటే, రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ఇవ్వని కమీషన్. అందుకే ముందు సగం అడిగినా ఇవ్వకండి.

నేరుగా యజమానితో

నేను కొలిచే ప్రశ్నకి ఈ దారే అన్నిటికంటే బాగా నిలబడుతుంది. గోడ మీద “ఈ ఇల్లు అమ్మబడును” అని రాసి నంబరు ఉంటుంది. లేదా పాలు పోసే ఆవిడ, గుడి పూజారి గారు, స్కూల్లో పనిచేసే తోటివాళ్లు చెప్తారు. ఆన్‌లైన్ సైట్లలో “ఓనర్” అని పెట్టిన ప్రకటనకి మేం ఫోన్ చేస్తే అయిదింటిలో నాలుగు మధ్యవర్తులవే, అక్కడ ఎక్కువ ఆశ పెట్టుకోకండి.

కమీషన్ మిగలడం కంటే పెద్ద లాభం, ఇంటి చరిత్ర వాళ్ల నోటే వినడం. ఎందుకు అమ్ముతున్నారో, ఎప్పుడు డబ్బు కావాలో తెలిస్తే బేరం సగం అయిపోయినట్టే. కూతురి పెళ్లి మాఘమాసంలో ఉందని ఒక ఆయన చెప్పారు. అలాంటి మనిషికి లక్ష ఎక్కువ ఇచ్చేవాళ్ల కంటే ఆ తేదీ లోపల పూర్తి డబ్బు ఇచ్చేవాళ్లే కావాలి.

కష్టం మొహమాటం దగ్గర. ఎదురుగా కాఫీ ఇచ్చిన మనిషిని పట్టుకుని “మీ దస్తావేజులు చూపించండి, మీ చెల్లెళ్ల సంతకాలు పెట్టించండి” అనడానికి నోరు రాదు. అడిగి తీరాలి. తాతల నాటి ఉమ్మడి ఆస్తి అయితే ఆడపిల్లల వాటా సంగతి ముందు తేల్చుకోండి. మన రాష్ట్రంలో పెళ్లికాని కూతుళ్లకి 1985 సెప్టెంబరు నుంచే ఆ వాటా ఉంది. 2005 తరవాత కేంద్ర చట్టం పెళ్లయిన వాళ్లకీ ఇచ్చింది. “ఆడపిల్లల సంతకాలు తరవాత చూసుకుందాం” అన్న మాట మాకు రెండు ఇళ్ల దగ్గర వినబడింది. ఆ రెండూ వదిలేశాం.

యజమాని విదేశంలో ఉండి ఇక్కడి బంధువు అమ్ముతుంటే పవర్ ఆఫ్ అటార్నీ (తన తరఫున అమ్మే అధికారం ఇచ్చే పత్రం) అసలు కాగితం చూడాలి. బయట రాసినది ఇండియాకి వచ్చిన మూడు నెలల్లో ఇక్కడ స్టాంపు వేయించి ఉండాలి. యజమానితో వీడియో కాల్‌లో మాట్లాడండి, ఎందుకంటే ఆ మనిషి బతికి ఉన్నంతవరకే ఆ అధికారం చెల్లుతుంది. కేవలం జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద చేతులు మారుతూ వచ్చిన ఇల్లయితే, అది అమ్మకం కిందకి రాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. ఎన్నారై అమ్మితే టీడీఎస్ (కొన్నవాళ్లు ధరలోంచి పట్టుకుని కట్టే పన్ను) లెక్క కూడా మారిపోతుంది, ముందే ఆడిటర్‌ని అడగండి.

ఒక్క మాట నిక్కచ్చిగా చెప్పాలి. మధ్యవర్తి చూపించిన ఇంటికి ఆయన వెనక నుంచి వెళ్లి యజమానితో బేరం చేసుకోవడం తప్పు. ఆయన ఎలాంటివాడైనా సరే, ఇల్లు చూపించాడు. టీచరమ్మగారింటికి మధ్యవర్తిని వెంటబెట్టుకునే వెళ్లింది అందుకే.

బ్యాంకు వేలం

అప్పు తీరక బ్యాంకు స్వాధీనం చేసుకున్న ఇళ్లని 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద ఆన్‌లైన్‌లో వేలం వేస్తారు. ప్రకటన పేపర్లో వస్తుంది. ప్రభుత్వ రంగ బ్యాంకులవి బ్యాంక్‌నెట్ పోర్టల్‌లో కనబడతాయి. ఇక్కడ “ఇంకో పార్టీ” ఉంటే తెర మీదే కనబడుతుంది. పాట ఎంతదాకా వెళ్లిందో దాచే మనిషి లేడు. ఆ మేరకు నాకు ఈ పద్ధతి చాలా నచ్చింది. రెండు వేలాలు శ్రద్ధగా చూశాను కూడా.

కానీ పాడుకున్న తరవాత పరుగు పెట్టాలి. సాధారణంగా రిజర్వు ధరలో (బ్యాంకు పెట్టిన కనీస ధరలో) పదో వంతు ముందే డిపాజిట్ కట్టాలి. పాట మనకి ఖరారైతే ఆ రోజే, లేదా మర్నాటి పనిదినానికల్లా దానితో కలిపి 25 శాతం కట్టాలి. మిగతా 75 శాతానికి 15 రోజులు. బ్యాంకు ఒప్పుకుని రాసిస్తే గడువు పెరుగుతుంది, అదీ మూడు నెలలకి మించదు. కట్టలేకపోతే డిపాజిట్ పోతుంది. 2024లో సుప్రీంకోర్టు కూడా అలా జప్తు చేయడాన్ని సమర్థించింది. 15 రోజుల్లో కొత్తగా హోమ్ లోన్ తెచ్చుకోవడం మామూలు జీతగాడి వల్ల అయ్యే పని కాదు. డబ్బు చేతిలో ఉన్నవాళ్లకే ఇది.

ప్రకటనలో ఒక్క మాట వెతకండి: స్వాధీనం నామమాత్రమా, భౌతికమా? నామమాత్రం అంటే బ్యాంకు గోడకి నోటీసు అంటించింది, లోపల కుటుంబం ఇంకా ఉంది. అప్పు తీసుకున్నవాళ్లు విశాఖపట్నం డీఆర్‌టీకి (బ్యాంకు అప్పుల తగాదాలు చూసే ట్రిబ్యునల్‌కి) వెళ్తే నెలలు నెలలు సాగవచ్చు. “ఎలా ఉన్నది అలాగే” అనే షరతు మీద అమ్ముతారు కాబట్టి కరెంటు, ఇంటి పన్ను బకాయిలు కూడా మనమే చూసుకోవాలి.

మేం చూసిన రెండో ఇల్లు రొయ్యల చెరువుల కోసం తాకట్టు పెట్టినది. నేను బయట నుంచి గోడలు చూస్తుంటే ఒక పెద్దావిడ లోపల నుంచి వచ్చి, “బ్యాంకు వాళ్లా బాబూ?” అని అడిగింది. కాదని చెప్పి వచ్చేశాను. చట్టప్రకారం కొనడంలో తప్పేమీ లేదు. నాకు మాత్రం ఆ ఇంటికి పాట పాడబుద్ధి కాలేదు. నా ప్రశ్నకి ఈ దారి సగమే జవాబిస్తుంది. అమ్మే హక్కు బ్యాంకుకి ఉంది, రేటు కూడా తెర మీద తిన్నగానే ఉంది, కానీ ఆ ఇంట్లో ఉన్న మనిషి ఇంకా సరే అనలేదు.

కొత్త ఫ్లాటు

దీని గురించి తక్కువ చెప్తాను, ఎందుకంటే రేటు ముందే అచ్చు వేసి ఉంటుంది, పోటీ గోల తక్కువ. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు దాటి, ఫ్లాట్లు ఎనిమిదికి మించితే రెరా నమోదు తప్పనిసరి. అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా పది శాతం కంటే ఎక్కువ అడ్వాన్సు తీసుకోకూడదు. మన టౌన్లలో చాలా అపార్టుమెంట్లు మూడు నాలుగు వందల గజాల్లో కట్టినవే కాబట్టి వాటికి రెరా నమోదు ఉండకపోవచ్చు. అక్కడ బిల్డర్ పాత కట్టడంలో ఉంటున్నవాళ్లని కలిసి మాట్లాడ్డమే మనకున్న రక్షణ. స్థల యజమాని వాటా ఫ్లాటా, బిల్డర్ వాటా ఫ్లాటా అన్నది కూడా అడగండి. ఇద్దరి రేట్లు వేరేగా ఉంటాయి, సంతకాలూ వేరేగా ఉంటాయి.

మధ్యవర్తి నోటి నుంచి రాని సంగతులు

ఏ దారిలో వెళ్లినా ఇవి మనమే తెలుసుకోవాలి, ఇవే రేటుని నిజంగా దించేవి.

వర్షం పడిన మర్నాడు వెళ్లండి. డెల్టాలో రోడ్డు వేసినప్పుడల్లా ఎత్తు పెరుగుతుంది, పాత ఇల్లు పల్లంలో పడిపోతుంది. వీధిలోంచి గుమ్మంలోకి రెండు మెట్లు కిందకి దిగాల్సి వస్తే ఆ ఇంటి గచ్చు మళ్లీ మెరక చేయించే ఖర్చు మీ మీదే. పక్కింటి వాళ్లని 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు తుఫాను, 2022 జూలై వరద పేర్లు చెప్పి అడగండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి 17.75 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ రోజుల్లో ఈ వీధిలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో పెద్దవాళ్లు గోడ మీద చెయ్యి పెట్టి మరీ చూపిస్తారు.

బోరు నీళ్లు నోట్లో పోసుకుని చూడండి. సముద్రం వైపు, చెరువులు ఎక్కువైన చోట ఉప్పు తగులుతుంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మునిసిపల్ నీళ్లు ఎన్ని రోజులకోసారి వదులుతారో అడగండి. నల్లమట్టి నేల కాబట్టి గోడ మూలల్లో ఏటవాలు పగుళ్లు ఉన్నాయేమో, కొత్తగా సున్నం వేసి కప్పారేమో చూడండి.

ఈసీ మనమే తీసుకోవాలి, మధ్యవర్తి ఇచ్చిన కాపీ చాలదు. 1983 నుంచి ఉన్నవి ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి. సర్వే నంబరు నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితాలో) ఉందేమో కూడా రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. కాలువ గట్టు పక్క ఇళ్లయితే పోరంబోకు (ప్రభుత్వ స్థలం) ఎంతదాకా ఉందో సర్వేయర్‌తో కొలిపించండి. పల్లెల్లో గ్రామకంఠం (ఊరి పాత నివాస స్థలం) ఇళ్లకి చాలాసార్లు పన్ను రసీదులే తప్ప దస్తావేజులు ఉండవు, లోన్ కష్టం. గ్యాస్ పైపు లైను దగ్గరలో ఉందేమో అడగండి. 2014లో నగరం గ్రామంలో జరిగిన పేలుడు కోనసీమలో ఎవరూ మర్చిపోలేదు. పైపు వెళ్లే పట్టీ మీద ఏ కట్టడమూ కట్టకూడదు.

ఎవరికి ఏది

ఊళ్లోనే ఉండి, తొందర లేకుండా, ఆరు నెలలు ఆగగలిగితే నేరుగా యజమానితోనే వెళ్లండి, నా ఓటు దానికే. ఊళ్లో లేకపోతే ఒక్క మధ్యవర్తినే పెట్టుకోండి, ముగ్గురిని పెట్టుకుంటే ముగ్గురూ ఒకే ఇంటికి పోటీ పెంచుతారు. రేటు మాట్లాడే రోజుకి మాత్రం బస్సో రైలో ఎక్కి మీరే రండి, ఆ ఒక్క ప్రయాణం ఖర్చు ఎక్కడికీ పోదు. వేలం, చేతిలో పూర్తి డబ్బు, తెలిసిన లాయరు, ఏడాది ఓపిక ఉన్నవాళ్లకి. పెద్దవాళ్లతో, లిఫ్టు అవసరంతో ఉన్నవాళ్లకి ఫ్లాటు.

ఏది ఎంచుకున్నా మొత్తం ఖర్చు ముందే వేసుకోవాలి. మాది చెప్తాను. ధర 54.5 లక్షలు. స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం అంటే 4,08,750. కమీషన్ 54,500. బ్యాంకు 30 నుంచి 75 లక్షల మధ్య లోన్‌కి ఇంటి విలువలో 80 శాతం దాకానే ఇస్తుంది, అంటే మా ఇంటికి గరిష్ఠంగా 43.6 లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చు అందులో కలపరు. కాబట్టి చేతి నుంచి పెట్టుకోవలసింది దాదాపు పదిహేనున్నర లక్షలు. ధర 50 లక్షలు లేదా ఆ పైన అయితే కొన్నవాళ్లే ఒక శాతం టీడీఎస్ పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి, మాకు అదీ 54,500. ఇది అదనపు ఖర్చు కాదు, యజమానికి ఇచ్చే డబ్బులోంచే మినహాయించేది. ఈ మాట అగ్రిమెంటులో రాయకపోతే ఆఖరి రోజున పేచీ వస్తుంది.

“కాగితం మీద 35 చూపిద్దామండి, రిజిస్ట్రేషన్ కలిసొస్తుంది” అని మా మధ్యవర్తి చివరి వారంలో కూడా అన్నాడు. 35 చూపిస్తే లోన్ బాగా తగ్గిపోయేది, మిగతాదంతా నగదుగా ఇవ్వాల్సి వచ్చేది. టీచరమ్మగారే వద్దన్నారు. “నా డబ్బు నా ఖాతాలోకే రానివ్వండి బాబూ, ఆ కట్టలు నేనెక్కడ దాచుకోను” అన్నారు.

కమీషన్ విషయంలో మా ఇంట్లో రెండు రోజులు మాటలు నడిచాయి. 52 అని అబద్ధం చెప్పిన మనిషికి రూపాయి కూడా ఇవ్వొద్దంది మా ఆవిడ. ఇల్లు చూపించింది ఆయనే కాబట్టి ముందు అనుకున్న ఒక శాతం ఇవ్వాలన్నాను. రిజిస్ట్రేషన్ రోజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్రలు, ఫొటోలు అయ్యాక టీచరమ్మగారి ఎదురుగానే ఫోన్‌లో 54,500 పంపించాను. ఆయన తల ఊపి, మెసేజ్ వచ్చిందో లేదో చూసుకుని, బండి తీసుకుని వెళ్లిపోయాడు. టీచరమ్మగారు చేతి సంచిలోంచి తాళాల గుత్తి తీసి, ఏ తాళం ఏ గదిదో ఒక్కొక్కటీ పట్టుకుని మా ఆవిడకి చెప్పడం మొదలుపెట్టారు. వంటింటి తలుపుది కాస్త పైకి ఎత్తి తిప్పాలట.